ఇంట గెలిచిన పాటే రచ్చకెక్కాలి

గౌరవనీయులైన సంపాదకులకు,

నమస్కారాలు. ప్రధానంగా యూరప్ దేశాల మధ్య ఏటా జరిగే యూరోవిజన్ పాటల పోటీ గురించి మీ పత్రిక ఆదివారం అనుబంధంలో ఇటీవల వచ్చిన వ్యాసాన్ని శ్రద్ధగా చదివాను. మన భాషలో ఈ పోటీ గురించి రాసేవారే తక్కువ. రాసినా గెలిచినవారి పేరుతో, వేసుకొచ్చిన దుస్తుల ఫొటోతో సరిపెట్టేవారే ఎక్కువ. అలాంటిది, ఒక చిన్న దేశం తన పాటను ఎలా ఎంచుకుంటుందన్న విషయానికి మీరు అంత చోటిచ్చినందుకు ముందుగా కృతజ్ఞతలు. అయితే ఐస్‌లాండ్ ఎంపిక పద్ధతి మీద వ్యాసకర్త వెలిబుచ్చిన అభిప్రాయంతో నేను ఏకీభవించలేకపోతున్నాను. చివరకు ఇంగ్లిషులో పాడబోయే పాటను మొదట ఐస్‌లాండిక్‌లో రాయించి, పాడించి, ఆ తరువాత మళ్లీ ఇంగ్లిషులో రాయించడం బూడిదలో పోసిన పన్నీరేననీ, నాలుగు లక్షలమంది కూడా లేని దేశానికి అంత పట్టింపు తగదనీ, గెలవాలన్న కోరిక నిజంగా ఉంటే మొదటినుంచీ ఇంగ్లిషులోనే ఎంచుకోవాలనీ ఆయన భావం. నా ఉద్దేశంలో ఆ దేశం చేసే ఎంపికలో అన్నిటికన్నా విలువైన భాగం సరిగ్గా అదే. అనువాదం నా వృత్తి కావడం వల్ల ఈ విషయం నన్ను మరింత పట్టుకుంది. ఉత్తరం కాస్త పొడుగైనా ప్రచురిస్తారని ఆశిస్తున్నాను.

వ్యాసంలో క్లుప్తంగా దాటేసిన ఒక సంగతితో మొదలుపెడతాను. 1956లో స్విట్జర్లాండ్‌లోని లుగానోలో ఏడు దేశాలతో మొదలైన ఈ పోటీని యూరోపియన్ బ్రాడ్‌కాస్టింగ్ యూనియన్ నడుపుతుంది. పోటీకి వచ్చేవి ప్రభుత్వాలు కావు, ఆ యూనియన్‌లో సభ్యత్వమున్న ప్రసార సంస్థలు. పాట మూడు నిమిషాలు దాటకూడదు, వేదిక మీద ఆరుగురికి మించి ఉండకూడదు, ప్రధాన గాత్రం అక్కడికక్కడే పాడాలి అన్న నియమాలు అందరికీ ఒకటే కాగా, పాటను ఎలా ఎంచుకోవాలన్నది మాత్రం ఏ సంస్థ ఇష్టం దానిది. కొందరు గదిలో కూర్చుని నిర్ణయించి ప్రకటిస్తారు, కొందరు దేశమంతా చూస్తుండగా పోటీ పెట్టి ఓట్లతో తేలుస్తారు. ఇక ఫైనల్లో పాయింట్ల లెక్క చూడండి. ప్రతి దేశపు ప్రేక్షకులూ తమకు నచ్చిన పది పాటలకు ఒకటి నుంచి ఎనిమిది వరకు, ఆపైన పది, పన్నెండు పాయింట్లు ఇస్తారు. ఆ దేశపు జ్యూరీ కూడా విడిగా అంతే ఇస్తుంది. ఎవరూ తమ దేశపు పాటకు ఓటు వేసుకోకూడదు. అంటే ఎనిమిది కోట్లు దాటిన జర్మనీ చేతిలో ఎన్ని పాయింట్లున్నాయో, నాలుగు లక్షలకు లోపున్న ఐస్‌లాండ్ చేతిలోనూ సరిగ్గా అన్నే ఉన్నాయి. పాటకు దొరికే మూడు నిమిషాలూ సమానమే. ఏ అంతర్జాతీయ వేదిక మీదా చిన్న దేశానికి ఇంత తూకం దొరకడం నేను చూడలేదు. అలాంటి మూడు నిమిషాల్లో ఏ గొంతుతో ఏం చెప్పాలన్నది ఒక దేశం తీవ్రంగా ఆలోచించుకుంటే, అది పట్టింపు కాదు, బాధ్యత.

ఐస్‌లాండ్‌లో ఆ బాధ్యత 1930లో రేడియోగా మొదలైన ప్రభుత్వ ప్రసార సంస్థ రూవ్‌ది. అది నిర్వహించే ఎంపిక పోటీ పేరు సోంగ్వాకెప్నిన్. ఆ మాటకు 'పాటల పోటీ' అని తప్ప వేరే అర్థం లేదు. రాసినవారి నుంచి పాటలు ఆహ్వానిస్తారు, వచ్చినవాటిలో నుంచి కొన్నింటిని ఏరుతారు, చలికాలం ముగియకముందే సెమీఫైనళ్లు, ఫైనల్ జరిపి, జ్యూరీ మార్కులూ ప్రజల ఓట్లూ కలిపి ఒక పాటను తేలుస్తారు. ఇటీవలి ఏళ్లలో పాటించిన నియమం ఏమిటంటే, సెమీఫైనల్లో ప్రతి పాటనూ ఐస్‌లాండిక్‌లోనే పాడాలి. ఫైనల్‌కు చేరినవాటిని మాత్రం యూరోవిజన్ వేదిక మీద ఏ భాషలో పాడదలచుకున్నారో ఆ భాషలో పాడాలి. ఇంట గెలిచి రచ్చ గెలవమని మన పెద్దలు చెప్పిన మాటను ఇంత కచ్చితంగా నియమావళిలో రాసుకున్న దేశం ఇంకొకటి నాకు కనబడలేదు. యూరోవిజన్ ఫైనల్ రాత్రి ఐస్‌లాండ్‌లో ఆ సమయానికి టీవీ చూసేవారిలో నూటికి తొంభైమందికి పైగా ఆ కార్యక్రమమే చూస్తారని యూనియన్ లెక్కలు చెబుతున్నాయి. అంతమంది ఇంటిల్లిపాదీ కూర్చుని చూసేదాన్ని వినోదంగా మాత్రమే లెక్కగట్టడం సరికాదు.

ఐస్‌లాండిక్‌లో పాడటం వల్లనే ఆ దేశం వెనకబడిందన్నది వ్యాసకర్త మొదటి వాదన. దీనికి చరిత్ర ఏం చెబుతుందో చూద్దాం. ప్రతి దేశమూ తన భాషలోనే పాడాలన్న నియమాన్ని ఈ పోటీలో 1966లో పెట్టారు, 1973లో తీసేశారు, 1977లో మళ్లీ తెచ్చారు, 1999లో పూర్తిగా వదిలేశారు. ఐస్‌లాండ్ అడుగుపెట్టింది 1986లో, అంటే నియమం అమల్లో ఉన్న కాలంలో. నార్వేలోని బెర్గెన్‌లో జరిగిన ఆ పోటీకి 'సంతోషపు బ్యాంకు' అనే అర్థం వచ్చే పాటను పంపినప్పుడు, మొదటిసారే గెలిచి వస్తామన్న నమ్మకం ఆ దేశంలో బలంగా ఉండేది. వచ్చింది పదహారో స్థానం. మరుసటి ఏడూ పదహారే, ఆపై ఏడూ పదహారే. 1989లో పంపిన పాట పేరుకు 'ఎవరికీ కనబడనిది' అని అర్థం. లొజాన్‌లో ఆ పాటకు ఒక్క పాయింటు కూడా రాలేదు. 22 దేశాల్లో ఆఖరి స్థానం. ఆ మరుసటి ఏడాది, 1990లో, అదే భాషలో మరో పాట పంపారు. దాని పేరు 'ఇంకొక్క పాట'. పేరు యాదృచ్ఛికమే కావచ్చు, కానీ సున్నా తరువాత ఆ పేరు చదివినప్పుడల్లా నాకు మనసు నిండుతుంది. జాగ్రెబ్‌లో ఆ పాటకు 124 పాయింట్లతో నాలుగో స్థానం వచ్చింది. సున్నాకూ నాలుగో స్థానానికీ మధ్య గడిచింది ఒక్క ఏడాది. భాష మారలేదు, దేశం మారలేదు, మారింది పాట. ఓడినప్పుడు భాషను నిందించి, గెలిచినప్పుడు గాయకుణ్ణి మెచ్చుకోవడం న్యాయం కాదు.

1997 సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. ఆ ఏడాది పాల్ ఓస్కార్ ఐస్‌లాండిక్‌లో పాడిన పాటకు ఇరవయ్యో స్థానం వచ్చింది, గత ఫలితాల సగటు తక్కువైనందున ఆ దేశం 1998 పోటీకి దూరంగా ఉండాల్సి వచ్చింది. వ్యాసకర్త ఇంతవరకే రాశారు. ఫోన్ ఓటింగును మొదటిసారిగా ఐదు దేశాల్లో ప్రయోగించి చూసింది ఆ ఏడాదే. మిగతా దేశాల్లో జ్యూరీలే తీర్పు చెప్పాయి. పాల్ ఓస్కార్‌కు దక్కిన కొద్ది పాయింట్లలో చాలా భాగం ఆ ఐదు దేశాల సామాన్య ప్రేక్షకుల నుంచి వచ్చినవే. ఒక్క ముక్క అర్థంకాని భాషలో పాడుతున్న మనిషికి వాళ్లు ఫోన్ తీసి ఓటు వేశారు. భాష అడ్డుగోడ అయింది ప్రజలకా, జ్యూరీలకా అన్న ప్రశ్న అప్పుడే పుట్టింది.

ఇంగ్లిషు వల్ల మేలు జరగలేదని నేను అనడం లేదు. 1999లో జెరూసలేంలో సెల్మా, 2009లో మాస్కోలో యోహన్నా రెండో స్థానాలు తెచ్చారు, ఇద్దరూ పాడింది ఇంగ్లిషులోనే. ఆ దేశానికి ఇప్పటివరకు అంతకు మించిన ఫలితం లేదు. ఆ రెండు పాటలనూ నేను చాలాసార్లు విన్నాను, ఆ స్థానాలకు అవి పూర్తిగా తగినవే. కానీ ఆ రెండు ఫలితాలను చూపించి మిగతా ఇరవై ముప్పై ఏళ్ల ఎంపికనూ కొట్టిపారేయడం కుదరదు.

వ్యాసకర్త రెండో వాదన, ఒకే పాటను రెండుసార్లు రాయడం వృథా అన్నది. నన్ను ఈ ఉత్తరానికి కూర్చోబెట్టింది నిజానికి ఈ మాటే. ఒక సాయంత్రం నిఘంటువు పక్కన పెట్టుకుని, ఎంపిక పోటీలో ఐస్‌లాండిక్ పేరుతో మొదలై యూరోవిజన్‌లో ఇంగ్లిషు పేరుతో తేలిన పాటలను వరసగా రాసి చూశాను. 2015లో మరియా ఓలాఫ్స్ పాట ఇంట్లో 'చిన్న చిన్న అడుగులు'. వియన్నాకు వెళ్లేసరికి 'అన్‌బ్రోకెన్', అంటే 'విరగనిది'. 2016లో గ్రేటా సలోమే పాట ఇంట్లో 'ఆ గొంతులు'. స్టాక్‌హోమ్‌లో 'వాళ్ల పిలుపు విను'. 2017లో స్వాలా పాట ఇంట్లో 'అది నాకు తెలుసు', కీవ్‌లో 'కాగితం'. 2018లో ఆరి ఓలాఫ్సన్ పాట పేరు ఒకటే ముక్క, 'హేయ్మ్'. అంటే ఇల్లు అని కాదు, 'ఇంటికి' అని. ఎటు వెళుతున్నామో ఆ దిక్కు కూడా ఆ ఒక్క మాటలోనే ఉంది. లిస్బన్‌లో అదే బాణీకి 'అవర్ ఛాయిస్', 'మన ఎంపిక', అని పేరు పెట్టారు. 2024 పాట దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. హేరా బ్యోర్క్ ఎంపిక పోటీలో ఐస్‌లాండిక్‌లో పాడినప్పుడు ఆ పాట పేరుకు 'మనం ఇంకా పైకి వెళదాం' అని అర్థం. మాల్మోలో అదే బాణీ 'స్కేర్డ్ ఆఫ్ హైట్స్'గా వినబడింది, అంటే 'ఎత్తులంటే భయం'.

పైకి వెళదామన్న పాటా, ఎత్తులంటే భయమన్న పాటా ఒకటే పాట ఎలా అవుతాయి? వృత్తిలో ఉన్నవాణ్ణి కనుక చెబుతున్నాను, వీటిని అనువాదాలు అనలేం. ఒకే బాణీ మీద కట్టిన రెండు వేర్వేరు పాటలివి. మూడు నిమిషాల బాణీలో అక్షరాల బరువు మారకూడదు, ప్రాస తప్పకూడదు, గొంతు సాగే చోట సాగే అచ్చు పడాలి. ఇన్ని షరతుల మధ్య అర్థాన్ని కూడా మోసుకెళ్లడం దాదాపు అసాధ్యం కనుక, రాసినవారు అర్థాన్ని వదిలి బాణీని నిలబెట్టుకున్నారు. ఆ పని మీద నాకు గౌరవమే ఉంది. అయితే వృథా అన్న మాట మాత్రం ఇక్కడ నిలబడదు. ఐస్‌లాండిక్‌లో రాయకపోయి ఉంటే ఆ దేశానికి ఒక్కొక్క ఏడాది ఒక్కొక్క ఇంగ్లిషు పాట మిగిలేది, అది కూడా యూరప్ కోసం రాసినది. ఇప్పుడు ఫైనల్‌కు చేరినా చేరకపోయినా, సెమీఫైనల్లో పాడిన ప్రతి పాటా వారి భాషలో వారి దగ్గర ఉంది. గెలిచిన ఒక్కటే కాదు, ఓడినవి కూడా. చలికాలపు రెండు మూడు వారాల్లో ఏటా కొన్ని కొత్త పాటలు ఒక చిన్న భాషలో పుట్టి, దేశమంతటికీ ఒకేసారి వినబడుతున్నాయంటే, అందుకు కారణం ఆ ఒక్క నియమమే.

ఫలితాలను కూడా ఒకసారి దగ్గరగా చూడమని వ్యాసకర్తను కోరుతున్నాను. పైన చెప్పిన 2015, 2016, 2017, 2018 పాటలు నాలుగూ ఇంగ్లిషులోకి మారి వెళ్లాయి, నాలుగూ యూరోవిజన్ సెమీఫైనల్ దగ్గరే ఆగిపోయాయి. 2019లో హతారి బృందం తమ పాటను భాష మార్చకుండా ఐస్‌లాండిక్‌లోనే పాడింది. టెల్ అవీవ్ ఫైనల్లో పదో స్థానం వచ్చింది. 2022లో సిస్తుర్ అన్న పేరుతో ముగ్గురు అక్కచెల్లెళ్లు 'పొద్దు పైకి వస్తుండగా' అనే అర్థం వచ్చే మెత్తని పాటను తమ భాషలోనే పాడి టూరిన్ ఫైనల్ చేరారు. 2023లో, 2024లో మళ్లీ ఇంగ్లిషు. రెండుసార్లూ ఫైనల్ దక్కలేదు. 2025లో ఐస్‌లాండిక్, ఫైనల్ దక్కింది. మూడు పాటలను చూపించి సిద్ధాంతం చేయడం నా ఉద్దేశం కాదు, అంత చిన్న లెక్కమీద ఎవరూ ఏమీ రుజువు చేయలేరు. 2003లోనూ, 2010 నుంచి 2012 వరకూ, 2014లోనూ ఇంగ్లిషులో పాడి ఫైనల్లో పాల్గొన్న సంగతి కూడా నిజమే. నేను చెప్పేదల్లా, ఐస్‌లాండిక్ ఓటమికి దారి అన్న మాటను ఈ పదేళ్ల అనుభవం ఏమాత్రం బలపరచడం లేదనే.

దాదీ ఫ్రేయర్ ఉదాహరణను వ్యాసకర్త తన వైపు వాడుకున్నారు కనుక దాని గురించి ప్రత్యేకంగా రాయాలి. 2021లో రోటర్‌డామ్‌లో ఆయన బృందం ఇంగ్లిషులో పాడి నాలుగో స్థానం తెచ్చుకుంది. బృందంలో ఒకరికి కోవిడ్ సోకడంతో వేదిక మీదికి రాలేక, రిహార్సల్లో తీసిన వీడియోనే ప్రసారం చేసినా ఆ స్థానం వచ్చింది. ఆ పాటను రూవ్ ఎంపిక పోటీ లేకుండా నేరుగా పంపింది. అయితే అలా నేరుగా పంపడానికి కారణం ఏమిటి? 2020 ఎంపిక పోటీలో ఆ బృందం గెలిచింది, మహమ్మారి వల్ల ఆ ఏడాది యూరోవిజనే రద్దయింది. 2020లో వారిని ప్రపంచమంతటా పరిచయం చేసిన ఇంగ్లిషు పాట దాదీ తన పసిపాప గురించి రాసుకున్నది. ఎంపిక పోటీ సెమీఫైనల్లో అదే బాణీకి ఉన్న ఐస్‌లాండిక్ పాట పేరు 'గాగ్నామాగ్నిద్'. బృందం పేరు కూడా అదే. అర్థం 'డేటా పరిమాణం'. సెల్‌ఫోన్‌లో నెలకు ఎంత డేటా ఉందని మనం ఇంగ్లిషు మాటతో అడుగుతామే, ఆ డేటాకు వారి భాషలో పాత ధాతువుల నుంచి కట్టుకున్న మాట ఉంది, ఆ మాటతో ఒక బృందానికి పేరు పెట్టుకున్నారు, ఆ పేరు మీద పాట కట్టుకున్నారు. కనుక దాదీ విజయం ఎంపిక నియమానికి వ్యతిరేక సాక్ష్యం కాదు. ఆ నియమం గుండా నడిచి వచ్చిన మనిషే ఆయన.

మాటలు కట్టుకోవడం ఆ దేశానికి అలవాటు. టెలిఫోన్‌ను వారు 'సీమి' అంటారు. అది పూర్వం దారం, తాడు అన్న అర్థంలో ఉండి వాడుక తప్పిన మాట. తీగ మీద మాట్లాడే యంత్రం వచ్చినప్పుడు దాన్ని వెతికి తెచ్చి కొత్త పని అప్పగించారు. అందుకే పాటల పోటీలో ప్రేక్షకులు వేసే ఫోన్ ఓటు కూడా వారికి 'సీమాకోస్నింగ్'. ఓటు వేసే పద్ధతికి సైతం సొంత మాట ఉన్నవారు, ఓటు వేయించుకునే పాట సొంత భాషలో ఒక్కసారైనా వినబడాలని కోరుకోవడంలో వింత ఏముంది?

ఇది పుట్టుక మీద పెట్టిన షరతు అని ఎవరైనా అనుకుంటే అది పొరపాటు. 2024 ఎంపిక పోటీలో రెండో స్థానంలో నిలిచినది జెరూసలేంకు చెందిన పాలస్తీనా గాయకుడు బషర్ మురాద్. ఫైనల్లో తన పాటను ఇంగ్లిషులో పాడిన ఆయన, అంతకుముందు సెమీఫైనల్లో అందరిలాగే ఐస్‌లాండిక్‌లో పాడారు. ఎక్కడో పుట్టిన మనిషి ఆ కష్టమైన ఉచ్చారణలను నేర్చుకుని, ఆ దేశపు ప్రజల ముందు నిలబడి, వారి భాషలో వారిని ఓటు అడిగాడు. వారు కూడా ఆయనను దాదాపు గెలుపు దాకా తీసుకెళ్లారు. భాషను నియమంగా పెట్టడం తలుపు మూయడం కాదనడానికి నాకు ఇంతకన్నా మంచి ఉదాహరణ తెలియదు.

అన్ని పాటలూ దాటేటప్పుడు అర్థం పోగొట్టుకుంటాయని కూడా నేను అనను. 2011 ఎంపిక పోటీకి సిగుర్యోన్ బ్రింక్ అనే గాయకుడు 'మళ్లీ ఇంటికి' అనే అర్థం వచ్చే పాటతో సిద్ధమయ్యారు. అందరూ ఆయనను స్యోన్ని అని పిలిచేవారు. తన వంతు పాడటానికి కొద్ది రోజుల ముందు, జనవరిలో, 36 ఏళ్ల వయసులో ఆయన హఠాత్తుగా మరణించారు. పాటను పోటీ నుంచి తప్పించకుండా ఆయన స్నేహితులు ఆరుగురు కలిసి పాడారు, గెలిచారు, 'స్యోన్ని స్నేహితులు' అన్న పేరుతోనే డ్యూసెల్‌డోర్ఫ్ వెళ్లి ఫైనల్లో పాడారు. ఇంగ్లిషు సాహిత్యం రాసినది ఆయన భార్య థోరున్ ఎర్నా క్లాసెన్. అక్కడ పేరు మారలేదు. 'కమింగ్ హోమ్', ఇంటికి రావడమే. వచ్చింది ఇరవయ్యో స్థానం. ఆ పాటను మొదటినుంచీ ఇంగ్లిషులో రాసి ఉంటే, గెలుపు అవకాశాలు లెక్కవేసి ఇంకెవరినో ఎంచుకుని ఉంటే, ఆ దేశం ఆ ఏడాది చెప్పదలచుకున్నది చెప్పగలిగేదా? ఎంపిక అంటే ఏది గెలుస్తుందో ఊహించడమొక్కటే కాదు, ఈ ఏడాది మన తరఫున ఏది వెళ్లాలో తేల్చుకోవడం కూడా.

ఇక గెలుపు మాటకే వస్తే, 1999 నుంచి 2016 వరకు పూర్తిగా ఇంగ్లిషేతర భాషలో పాడి గెలిచినది 2007లో సెర్బియా ఒక్కటే అన్నది వాస్తవం. వ్యాసకర్త ఆ కాలంలోనే ఆగిపోయారు. 2017లో పోర్చుగల్ తరఫున సాల్వడోర్ సోబ్రాల్, అక్క లూయీజా రాసిన పాటను వేదిక మీద ఒక్కడే నిలబడి పోర్చుగీసులో పాడి, 758 పాయింట్లతో ఆ దేశానికి తొలి విజయం తెచ్చారు. 2021లో ఇటలీ ఇటాలియన్‌లో, 2022లో ఉక్రెయిన్ ఉక్రేనియన్‌లో గెలిచాయి. ఇంగ్లిషు వస్తేనే తలుపు తెరుచుకుంటుందన్న కాలం గడిచిపోయిందని చెప్పడానికి ఇవి చాలు.

నియమంలో లోపమే లేదని నేను అనడం లేదు. నాకున్న అభ్యంతరం వ్యాసకర్త అభ్యంతరానికి నేరుగా ఎదురుగా ఉంది. ఆ నియమం సగంలో ఆగిపోయింది. సెమీఫైనల్లో విని, పదాలు నోటికి పట్టించుకుని, ఇది మన పాట అని ఓటు వేసిన ప్రేక్షకులకు ఫైనల్ రాత్రి అదే బాణీ మీద వేరే పాట వినిపిస్తున్నారు. అప్పుడు వారు వేసే ఓటు దేనికి? తాము దగ్గర చేసుకున్న పాటకా, యూరప్‌కు నచ్చుతుందని అంచనా వేస్తున్న పాటకా? 2011లోను, 2012లోను జరిగినట్టు, ఎంపిక మొత్తం ఐస్‌లాండిక్‌లోనే ముగించి, గెలిచిన తరువాత భాష మార్చుకునే స్వేచ్ఛను రాసినవారికి వదిలేయడం మేలని నా అభిప్రాయం. ఆ రెండేళ్లూ పాటలు ఇంగ్లిషులోకి మారే వెళ్లాయి, ఫైనల్లోనూ పాల్గొన్నాయి. ఎవరికీ నష్టం జరగలేదు. ఓటు వేసినవారికి మాత్రం తాము దేనికి ఓటు వేశామో స్పష్టంగా తెలుసు.

చివరగా ఒక విన్నపం. ఇకముందు ఈ ఎంపిక గురించి మీ పత్రికలో రాసేటప్పుడు, పాటల పేర్లను ఇంగ్లిషులో మాత్రమే కాక, వారి భాషలో ఉన్న పేరునూ దాని అర్థాన్నీ కూడా అచ్చువేయించండి. మీ వ్యాసంలో 2025 పాట పేరు వట్టి 'రోవా' అని పడింది. దానికి తెడ్డు వేయడం అని అర్థం. వైబ్ అన్న పేరుతో ఇద్దరు అన్నదమ్ములు పడవ మీద తెడ్డు వేసుకుంటూ దీవి నుంచి దీవికి సాగిపోవడం గురించి పాడిన ఆ పాటను, వారు ఇంట్లో పాడినట్టే బాసెల్‌లోనూ ఐస్‌లాండిక్‌లోనే పాడారు. ఫైనల్లో జ్యూరీల నుంచి దానికి ఒక్క పాయింటూ రాలేదు. వచ్చిన 33 పాయింట్లూ, ఆ భాషలో ఒక్క మాట కూడా తెలియని దేశాల్లో, ఇళ్లలో కూర్చుని వింటున్న జనం వేసినవి.

భవదీయుడు,
మీ పత్రిక పాఠకుడు, ఒక అనువాదకుడు